దొరికిన చోటు: తెలియదు

మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చినప్పుడు, కునుకు పట్టీ పట్టకముందు, ఆ విగ్రహం ఇప్పటికీ నా కళ్ళ ముందు తిరుగుతుంది. నిజంగానే తిరుగుతుంది. ముందు మొహం, తర్వాత కుడి భుజం, తర్వాత వీపు మీద జడ, తర్వాత ఎడమ చెయ్యి, మళ్ళీ మొహం. చుట్టూ ఏమీ ఉండదు, ఉత్త నలుపు. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు ఆ బస్సెక్కలేదు, ఆ రోజు మా మామ్మ పక్కన నిలబడలేదు.

మామ్మంటే మా నాన్నగారి తల్లి. ముక్తేశ్వరం దాటాక కాలవ గట్టు మీద మా ఊరు, ఊరి చివర మా కొబ్బరితోట. మామ్మకి పుట్టినవాళ్ళందరూ మగపిల్లలే. ఆడపిల్ల లేదన్న దిగులు ఆవిడకి ఎంతంటే, నేను పుట్టానని తెలిసి వీధి వీధంతా పంచదార పంచిందట. అలాగని నన్ను కూతురనుకుందా అంటే అదీ లేదు. "నువ్వు మీ అమ్మ కూతురివే. నాకు కూతురేదీ?" అని నా మొహం మీదే అనేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. జడ వేయించుకుంటూ వేయించుకుంటూ మధ్యలో లేచి పారిపోయేదాన్ని.

తొంభైల మొదట్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఒక వేసవిలో తోటలో బోదెలు బాగుచేయిస్తున్నారు. చెట్ల వరసల మధ్య నీళ్ళు పారే కాలవల్ని బోదెలంటాం. ఏడాదికోసారి వాటిలో పేరుకున్న బురద తీసి చెట్ల మొదళ్ళకి వేయాలి. అలా తీస్తూ ఉంటే ఒకచోట పార ఖంగుమంది. రాయనుకున్నారు. బురద కడిగితే ఒక మొహం. ఎవరో నిద్రలోంచి లేపితే కోప్పడకుండా చూసినట్టు, అలా చూస్తున్న మొహం.

కంచు విగ్రహం, మూరెడు కూడా ఉండదు. కుడి భుజం మీద పార తగిలినచోట పచ్చగా చిన్న గాటు పడింది. అమ్మవారని అందరూ అన్నారు. ఏ అమ్మవారో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. మామ్మ చింతపండు పెట్టి తోమి, పసుపు నీళ్ళు పోసి, పాత పట్టుచీర కొంగు చింపి ఒళ్ళు తుడిచింది. ఆ గాటు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. "అయ్యో తల్లీ, మా తోటలో కళ్ళు తెరవగానే దెబ్బా నీకు?" అంది.

దేవుడి గదిలో పెడదామని నాన్నగారన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "అక్కడ పెడితే దేవుడైపోద్దిరా. మనతో మాట్లాడదు. వసారాలో ఉండనీ, వచ్చేపోయేవాళ్ళని చూస్తా ఉంటాది" అంది. ఆ విగ్రహం మా ఇంట్లో ఉన్న ఆ కొద్ది రోజులూ ఇప్పుడు తలుచుకుంటే నాకు సరిగ్గా గుర్తుకి రావు, నీళ్ళలోంచి చూసినట్టు కదులుతాయి. వసారాలో చెక్క బల్ల, దాని మీద అమ్మవారు, పెంకుల సందులోంచి మొహం మీద పడి మెల్లగా జరిగిపోయే వెలుతురు, పక్కన పీట మీద మామ్మ. చిక్కుళ్ళ ఈనెలు తీసుకుంటూ ఊళ్ళో కబుర్లన్నీ దానికి చెప్పేది. నాకు చెప్పనివి కూడా చెప్పేది. ఉడుకుమోత్తనంతో నేను వసారాలోకి వెళ్ళడమే మానేశాను.

తర్వాత మండలాఫీసు నుంచి జీపు వచ్చింది. భూమిలో దొరికింది ప్రభుత్వానికి అప్పచెప్పాలండి అన్నారు. మామ్మ గొడవ పెడుతుందని అందరం భయపడ్డాం. ఆవిడ గొడవ పెట్టలేదు. వాళ్ళని కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, లోపలికెళ్ళి చలిమిడి చేసి తెచ్చింది. మా వైపు ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఒళ్ళో చలిమిడి పెట్టి పంపుతారు, కడుపు చల్లగా ఉండాలని. ఆ విగ్రహాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి, పక్కన చలిమిడి గిన్నె పెట్టి, ఆ ఉద్యోగి చేతికిచ్చింది. "జాగర్తండి. ఆడపిల్లని ఎన్నాళ్ళని అట్టేపెట్టుకుంటాం" అంది. ఆయన పాపం మంచివాడు. నవ్వకుండా "ఆయ్, అలాగేనండి" అని రెండు చేతులా అందుకున్నాడు. జీపు గట్టు మలుపు తిరిగాక మామ్మ కళ్ళొత్తుకుంది. ఆ రోజు నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

ఆ తర్వాత మా వైపు తుఫాను వచ్చింది. అది ఎలాంటి తుఫానో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెట్లన్నీ ఒకే వైపుకి తల పెట్టి పడుకున్నాయి. ఇళ్ళ పైకప్పులతో పాటు ఆఫీసుల్లో కాగితాలు కూడా నానిపోయి ముద్దలైపోయాయి. కాస్త తేరుకున్నాక నాన్నగారు వెళ్ళి విగ్రహం గురించి అడిగితే, పట్నంలో మ్యూజియానికి పంపేసి ఉంటారండి, ఆ కాగితాలేవీ మిగల్లేదండి అన్నారు. మామ్మ అది విని, "పెద్ద సంబంధమే" అని ఊరుకుంది.

రెండువేలు దాటాక నేను అమలాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేశాను, చేసినచోటే పనిచ్చారు. అద్దె కంప్యూటర్ల ముందు పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకునేవారు, మస్కట్‌లో ఉన్న భర్తలకి భార్యలు నా చేత ఉత్తరాలు కొట్టించేవారు. అలాంటి రోజుల్లో కాలేజీ గ్రౌండులోకి ఒక పొడుగాటి బస్సు వచ్చి ఆగింది. మ్యూజియం బస్సు. పట్నం రాలేని వాళ్ళ కోసం మ్యూజియాన్నే కంప్యూటర్లలో పెట్టి ఊరూరా తిప్పుతున్నారట. విగ్రహాలు తేలేదు, బొమ్మలే. ఊరికే చూపిస్తున్నారని తెలిసి ఓ సాయంత్రం నేనూ వెళ్ళాను.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. కిటికీలకి నల్లగుడ్డలు. గోడ పొడుగునా తెరలు, ఒక్కో తెరకి చెవులకి పెట్టుకునే ఫోన్లు. బయట గ్రౌండులో అరుపులు ఎక్కడో వెనక్కి వెళ్ళిపోయాయి. ఒక ఆడగొంతు తియ్యగా ఏదో రాజుల కథ చెబుతోంది. పాత నాణాలు పైకి తేలి వచ్చి, కాసేపు మెరిసి, మళ్ళీ మునిగిపోతున్నాయి. తాళపత్రాలు వాటంతటవే తిరుగుతున్నాయి. నేను ఎక్కడున్నానో, ఏ ఏడాదో కాసేపు తెలియలేదు. అలా తేలుతూ తేలుతూ చివరి తెర దగ్గరికొచ్చాను. అక్కడ ఒక విగ్రహం నల్లటి శూన్యంలో మెల్లగా తిరుగుతోంది. ఎంత బాగుందీ అనుకున్నాను. భుజం తిరిగింది. భుజం మీద గాటు.

అది మా తోటలో పార తగిలిన గాటు. మళ్ళీ తిరిగేదాకా ఆగి చూశాను. అదే. కింద వివరాలు చదివాను. లోహం కంచు అని ఉంది, ఎత్తు ఉంది, ఏ కాలానిదో అంచనా ఉంది. చివరి వరస: దొరికిన చోటు, తెలియదు.

మర్నాడు సెలవు పెట్టి, మామ్మని బస్సెక్కించి తీసుకొచ్చాను. దారంతా నేనేమీ చెప్పలేదు, చూశాక చెబుదామని. మ్యూజియం బస్సు మెట్ల దగ్గర ఆవిడ చెప్పులు విప్పేసింది. వద్దు మామ్మా అంటే విన్లేదు. లోపల చెవులకి ఫోన్లు తగిలించాను. "నమస్కారం, మా సంచార ప్రదర్శనశాలకి స్వాగతం" అని గొంతు పలగ్గానే మామ్మ చేతులు జోడించి "ఆయ్, నమస్కారమండి" అంది గట్టిగా. చెవుల్లో ఫోన్లు ఉన్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. రాజుల కథ మొదలైంది. ప్రతి వాక్యానికీ మామ్మ "ఆయ్" అంటోంది. "ఆయ్... ఆహా... ఆయ్, మరేనండి." బస్సులో కాలేజీ పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నాకు సిగ్గేసింది కానీ ఏమనను? చెప్పేవాళ్ళు చెబుతుంటే బెల్లంకొట్టిన రాయిలా ఊరుకోవడం మా వాళ్ళకి చేతకాదు.

చివరి తెర ముందుకి తీసుకొచ్చాను. మామ్మ ఫోన్లు తీసేసింది. చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఎంత చిక్కిపోయిందే" అంది.

బొమ్మ మామ్మా, బొమ్మకి చిక్కడమేంటి అన్నాను. ఆవిడ వినడం లేదు. గాటు కనిపించగానే చెయ్యి చాపి వేలితో ఆ భుజం మీద తడిమింది. అది వేలు పెడితే తిరిగే తెర. మామ్మ వేలు ఎటు జరిగితే విగ్రహం అటు తిరుగుతుంది. మామ్మ నిమిరింది, అమ్మవారు గిరుక్కున అటు తిరిగి వీపు చూపించింది.

మామ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈసారి బుగ్గ దగ్గర తాకింది. మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

"అలిగింది" అంది మామ్మ. "చూసేవా, మొహం తిప్పేసుకుంటాంది. ఇన్నేళ్ళూ ఒక్కళ్ళం చూడ్డానికి రాలేదు కదే. అలగదా మరి?"

అది కంప్యూటర్ మామ్మా, ముట్టుకుంటే తిరుగుతుంది, అందరికీ అలాగే తిరుగుతుంది అని చెప్పాను. నా వేలితో తిప్పి చూపించాను కూడా. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నీకు తిరుగుద్ది. నువ్వు అప్పుడూ దాంతో పోట్లాటే కదా" అంది. కింద ఏం రాసేరో చదవమంది. చదివాను. చివరి వరస దగ్గర గొంతు తగ్గించి, అయినా చదివాను.

"పుట్టిల్లు తెలీదని రాసేరా?"

"పుట్టిల్లని కాదు మామ్మా, దొరికిన చోటు..."

"ఏదయితేనేం! నా పిల్లని దిక్కూ మొక్కూ లేనిదాన్ని చేసేసేరే! అందుకేనే అది అలిగింది. ఎవరిక్కడ పెద్ద? పిలు."

బస్సుతో వచ్చిన మ్యూజియం ఆయన తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాడు. కళ్ళజోడు, నలిగిన చొక్కా, ఊరూరా తిరిగి అలిసిపోయిన మొహం. మామ్మ కొడుకు వయసుంటుంది. మామ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వియ్యంకుడితో మాట్లాడేటప్పుడు నిలబడినట్టు పక్కకి తిరిగి నిలబడి, "అన్నయ్యగారూ" అంది. "మా పిల్ల మీ ఇంట్లో సుఖంగానే ఉంది, కాదన్ను. దీపాలు పెట్టేరు, అద్దాల గదిలో కూచోబెట్టేరు. కానండి, పుట్టిల్లు తెలీదని నలుగురి ముందూ బోర్డు కట్టడం మర్యాదేనంటారా?"

ఆయన బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను తోట, బోదె, పార, జీపు, తుఫాను అన్నీ గబగబా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మీరు చెప్పేది నిజమే కావచ్చమ్మా, కానీ ఏదో ఒక ఆధారం లేకుండా దొరికిన చోటు రాయడానికి మాకు కుదరదు, నేను మార్చినా పైవాళ్ళు ఒప్పుకోరు అన్నాడు.

"ఆడపిల్ల పుట్టింటికి రసీదుంటాదా అన్నయ్యగారూ?" అంది మామ్మ.

ఆయన నవ్వలేదు. పక్కనున్న చిన్న గదిలోకి రమ్మన్నాడు. అక్కడ ఒక మైకు, ఒక కంప్యూటర్. చూసినవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేయడానికట. ఊరూరా తిరిగినా ఎవరూ పెద్దగా మాట్లాడలేదట, అందరూ బాగుంది బాగుంది అని వెళ్ళిపోతున్నారట. "మీరు చెప్పండి చెల్లెమ్మగారూ" అన్నాడు. వరస కలిపేశాడు! నాకు ఆయన మీద గౌరవం పుట్టింది.

మామ్మ మైకు దగ్గరికి వంగింది. ఆధారాలు చెబుతుందేమోనని చూశాను. ఒక్కటీ చెప్పలేదు. అమ్మవారితో మాట్లాడింది. "ఏమ్మా, బాగున్నావా? నేనే, మీ అమ్మని. కోపం తగ్గించుకో. కావాలని రాకపోవడం కాదు, నువ్వెక్కడున్నావో మాకు చెప్పినవాళ్ళు లేరు. తోట బాగానే ఉందమ్మా. తుఫానుకి పడిపోయినవి పోగా మళ్ళీ వేసేం, కాపుకొచ్చేయి. నీ బోదె అలాగే ఉంది." అలా చాలాసేపు మాట్లాడి, చివర్న మా ఊరి పేరు చెప్పి, "ఎవరన్నా అడిగితే చెప్పు. పుట్టింటివాళ్ళం ఉన్నాం" అంది. మ్యూజియం ఆయన తల తిప్పుకుని కిటికీ గుడ్డ సర్దాడు.

బస్సు రాజోలు వైపు వెళ్ళిపోయింది. మామ్మ మనసు మాత్రం ఆ వరస దగ్గరే ఆగిపోయింది. వారం వారం ఇంటికి వెళితే చాలు, "మార్చేరా?" అని అడిగేది. మ్యూజియానికి వెబ్‌సైట్ ఉంది. ఇంటర్నెట్ సెంటర్లో జనం పల్చబడ్డాక తెరిచేదాన్ని. అప్పటి ఇంటర్నెట్ గురించి ఏం చెప్పను! బొమ్మ పైనుంచి కిందకి గీత గీతగా దిగేది. ముందు కిరీటం, చాలాసేపటికి నుదురు, తర్వాత కళ్ళు. బయట ఎండలో కొబ్బరాకులు, లోపల పంకా చప్పుడు, నా ముందు అంగుళం అంగుళం పైకి తేలుతున్న ఆ మొహం. ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయో. మామ్మతో చెప్పుకోలేని మాటలు నేనూ దానితో చెప్పడం మొదలుపెట్టాను. ఒక సంబంధం తప్పిపోయిందని చెప్పాను. ఇంకో సంబంధం కుదిరిందని చెప్పాను. చివరికి వివరాలు దిగేవి. తెలియదు. తెలియదు. అభిప్రాయాలు రాసే చోట ఎన్నిసార్లు రాశానో! ప్రతిసారీ "మీ సూచనకు ధన్యవాదాలు" అని దానంతటదే ఒక జవాబొచ్చేది. మీ ధన్యవాదాలు మీరే ఉంచుకోండి అని విసుక్కునేదాన్ని.

నాకు పెళ్ళయింది. పట్నం వెళ్ళాను, ఆ వెబ్‌సైట్ తెరవడం అక్కడితో ఆగిపోయింది. అన్నీ సర్దుకుని మ్యూజియం వైపు వెళ్ళడానికే చాలా కాలం పట్టింది. ఈలోగా మామ్మకి మోకాళ్ళు పడిపోయాయి, మంచం దిగడం లేదు. ఫోన్ చేసినప్పుడల్లా మాట కూడా సన్నబడిపోతోంది. "నే పోయేలోగా రాస్తారంటావా?" అని ఒకసారి అడిగింది. రాయకపోతే నేను ఊరుకుంటానా అన్నాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. మర్నాడే మ్యూజియానికి బయల్దేరాను. గొడవ పెట్టుకోవడానికే బయల్దేరాను, నిజం.

హాల్లో జనం లేరు. అద్దం పెట్టెలో అమ్మవారు. బొమ్మ కాదు, తనే. వెనక గోడ, వీపు కనపడదు. నాకు గుర్తున్నదానికన్నా చిన్నగా ఉంది. పక్కన ఒక తెర, వేలు పెడితే పలికేది. వేలు పెట్టాను. వివరాలొచ్చాయి. లోహం. ఎత్తు. కాలం. దొరికిన చోటు: ఆధారాలు లేవు.

ఒళ్ళు భగ్గుమంది. దాని కింద ఇంకో వరస ఉందని ఆ కోపంలో ఆలస్యంగా చూశాను.

పుట్టిల్లు: అని రాసి, మా ఊరి పేరు. ముక్తేశ్వరం దగ్గర, కోనసీమ.

మళ్ళీ చదివాను. ఇంకే విగ్రహానికైనా అలాంటి వరస ఉందేమోనని పక్క తెరలు కూడా నొక్కి చూశాను. లేదు. ఏ మ్యూజియంలో రాస్తారు అలాగ? ఆధారం లేదు కాబట్టి ఆ బస్సుతో వచ్చినాయన దొరికిన చోటు రాయలేకపోయాడు. పుట్టింటికి రసీదు అక్కర్లేదు కాబట్టి కొత్త వరసే వేశాడు. కింద చిన్న స్పీకరు బొమ్మ ఉంది. నొక్కాను. "ఏమ్మా, బాగున్నావా? నేనే, మీ అమ్మని" అంది మా మామ్మ, ఆ పెద్ద హాలంతా వినిపించేలా. నేను అక్కడే, ఆ అద్దం పెట్టె ముందు, నిలువునా ఏడ్చేశాను.

కళ్ళు తుడుచుకుని సెల్‌లో ఇంటికి కలిపాను. అమ్మ తీసి, మామ్మ చెవి దగ్గర పెట్టింది. వరస చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"అన్నయ్యగారు నా మాట నిలబెట్టేరు" అంది మామ్మ. ఆవిడ మాట వినాలంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. "అదక్కడే ఉందా? నీ ఎదురుగానేనా?"

"ఎదురుగానే మామ్మా."

"మరయితే ఫోను నువ్వు పట్టుకుంటావేంటే? దానికియ్యి."

సెల్ తీసి అద్దానికి ఆనించి పట్టుకున్నాను, సరిగ్గా ఆ చెవి దగ్గర. మామ్మ ఏం చెబుతోందో నాకు వినపడలేదు. సన్నగా గొంతు మాత్రం తెలుస్తోంది, ఆగి ఆగి. ఇంతలో కాపలా ఆయన బూట్ల చప్పుడు చేసుకుంటూ వచ్చాడు.

"మేడమ్, ఇక్కడ ఫోన్ వాడొద్దు. అద్దం ముట్టొద్దు."

"పుట్టింటి నుంచి ఫోనండి" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, సెల్‌ని చూశాడు, తెర మీద వరసని చూశాడు. "ఈ అమ్మేనా?" అన్నాడు స్పీకరు బొమ్మ వైపు చూపిస్తూ. "రోజూ వింటం మేము."

తల ఊపాను. అప్పుడే ఎవరో నలుగురు హాల్లోకి రాబోతున్నారు. ఆయన వెళ్ళి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు. "జర ఆగండి. లోపల మాట్లాడుకుంటున్నరు" అన్నాడు.